ఇల్లు కట్టిన మాటలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఒహాయోలోని ఈ డబ్లిన్‌లో, కొలంబస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మన కుటుంబాలలో పెళ్ళిళ్ళు చేసినవారున్నారు గాని ఇల్లు కట్టినవారు అరుదు. కట్టిన ఇల్లు కొనుక్కుంటాం. మహా అయితే బిల్డరు చూపించిన నాలుగు నమూనాలలో ఒకటి ఎంచుకుంటాం. ఆ సంభాషణ అంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. అందువల్ల గోడ, తలుపు, కిటికీ దాటి ఇంటికి సంబంధించిన తెలుగు మాట మన పిల్లల చెవిని పడే సందర్భమే లేదు. మన చెవినైనా పడి చాలా కాలమైంది.

నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట తరచు వినిపించే అభిప్రాయం మరొకటుంది: "తెలుగు కవిత్వానికి బాగుంటుందండీ, పనికి మాత్రం ఇంగ్లీషే కావాలి. మనకు సాంకేతిక పదాలెక్కడివి?" ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో తేల్చడానికి ఇల్లు కట్టే పని మంచి పరీక్ష. బడిమొహం చూడని మనుషులు వందల ఏళ్ళుగా కొలతలతో, లెక్కలతో, తెలుగులో చేసుకొచ్చిన పని అది. నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. భాషాశాస్త్రం గాని, ఇంజనీరింగు గాని నా విద్యలు కావు. అయినా మనిషి శరీరంలోని ఎముకల పేర్లన్నీ కంఠస్థం చేసినవాడికి ఇంటి ఎముకల పేర్ల మీద కుతూహలం కలగడం సహజమే గదా.

గోడలోని వరుసలు

అట్టడుగు నుంచి మొదలుపెడదాం. పునాది. అచ్చ తెలుగులా వినిపించే ఈ మాట నిజానికి పారశీకం నుంచి వచ్చిన "బునియాద్". తెలంగాణలో "బునాది" అంటారు కనుక అక్కడ ఆ చుట్టరికం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని అంతకుముందు మనవాళ్ళు పునాది లేకుండా ఇళ్ళు కట్టారని కాదు. అస్తివారం, అస్తిభారం అనే మాటలు నిఘంటువులలో ఇప్పటికీ ఉన్నాయి. పాత మాట ఉండగా కొత్త మాట ఎందుకు వచ్చింది? బహమనీ సుల్తానులు, వారి తరువాత గోలకొండ కుతుబ్ షాహీలు ఏలిన కాలంలో కోటలు, మహళ్ళు, మసీదులు కట్టించిన కచేరీలలో పారశీకం పెద్ద భాష. కట్టించేవాడి మాట కట్టేవాడి నోటికి ఎక్కింది. బురుజు, కమాను, గుమ్మటం, మీనారు, మరమ్మతు అలా వచ్చినవే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు రాయి మోసిన చేతులలో తెలుగు చేతులు తప్పక ఉంటాయి. పైన నిలిచిన దానికి పేరు మాత్రం పారశీకంలో పడింది.

పునాది మీద ఇటుక. ఇది సంస్కృతంలోని ఇష్టక. ప్రాకృతం మీదుగా నలిగి నునుపు తేలి మనకు ఇటుక అయింది. సున్నం కూడా అలాంటిదే. చూర్ణం ప్రాకృతంలో చుణ్ణమై, మన దగ్గర సున్నమైంది. అంటే దాని అసలు అర్థం "పొడి", అంతే. మందుల కొట్టులో చూర్ణం, గోడకు పూసే సున్నం ఒకే తల్లి పిల్లలు. నేల మీద చేసే గచ్చు పారశీకం. పని చేయించే మేస్త్రీ పోర్చుగీసు. గోడ, కప్పు, వాకిలి, తలుపు, మెట్టు మన సొంత ద్రావిడ మాటలు. సిమెంటు, స్లాబు, సెంట్రింగు, పిల్లరు ఇంగ్లీషు.

ఇప్పుడు మన ఊళ్ళో ఎవరైనా మామూలుగా అనే వాక్యం ఒకటి చూడండి: "మేస్త్రీ పునాది తీసి, ఇటుక గోడ లేపి, గచ్చు చేసి, స్లాబు వేశాడు." ఈ చిన్న వాక్యంలో పోర్చుగీసు, పారశీకం, ప్రాకృతం, తెలుగు, ఇంగ్లీషు అన్నీ ఉన్నాయి. కాని క్రియలను గమనించండి. తీయడం, లేపడం, చేయడం, వేయడం అన్నీ తెలుగే. వస్తువుల పేర్లు ఏ రేవు నుంచి వచ్చినా, ఏ కచేరీ నుంచి వచ్చినా, పని మాత్రం తెలుగులోనే జరిగింది. అరువు మాటలు ఉన్నంత మాత్రాన భాష బీదదని అనుకోనక్కరలేదు. ఇంగ్లీషుకు "విండో" అనే మాట ఇచ్చింది స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు. వారి మాటకు "గాలి కన్ను" అని అర్థం. మన సంస్కృత గవాక్షానికి అర్థం "ఆవు కన్ను". ఇద్దరూ గోడకు కన్ను పెట్టారు!

రాతి వడ్రంగి

ఈ పని మన నేల మీద ఎంత పాతదో చెప్పడానికి గుంటుపల్లి చాలు. ఏలూరు జిల్లాలో, జీలకర్రగూడెం దగ్గర కొండలో క్రీస్తు పూర్వం తొలిచిన గుండ్రని బౌద్ధ చైత్యం ఒకటుంది. లోపల నిలబడి పైకి చూస్తే గుడిసె కప్పు కనిపిస్తుంది. నడిమి నుంచి చుట్టూ దిగే వాసాలు, వాటిని పట్టి ఉంచే అడ్డుపట్టెలు, అన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. రాతికి వాసాల అవసరం లేదు. అయినా చెక్కినవాడికి ఇల్లంటే వాసాలున్నదే. ఆనాటి కర్ర ఇళ్ళు ఒక్కటీ మిగలలేదు. ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ ఇంటి రూపం మాత్రం రాతిలో నిలిచింది.

కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇంకొక సాక్ష్యం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పధ్నాలుగో ఏట, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. ఆమె తన బంధువుల పేర్లు, తాను చేసిన ఇతర దానాలు అన్నీ చెప్పుకుంది. చివరకు పని చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు, ఆ తరువాత రాతిపని చేసినవాని పేరు కూడా వేయించింది. అతని పేరు విధికుడు. అతని వృత్తి "సేలవఢకి". సేల అంటే శిల. వఢకి అంటే సంస్కృతంలో వర్ధకి, కర్రపని చేసేవాడు. మన వడ్రంగి అనే మాటను పండితులు దీనితోనే కలుపుతారు. అంటే విధికుడు "రాతి వడ్రంగి". కర్రపని చేసిన చేతులు రాతిపనికి మళ్ళాయని గుంటుపల్లి చూపిస్తే, ఆ సంగతే ఈ ఒక్క మాట చెబుతున్నది. కట్టించిన రాజులూ దాతలూ శాసనాలనిండా ఉంటారు గాని, కట్టినవాడి పేరు ఇంత తేటగా దొరకడం అరుదు. పదిహేడు వందల ఏళ్ళ తరువాత కూడా విధికుడెవరో మనకు తెలియడానికి కారణం ఒక స్త్రీ ఆ పేరును రాతిమీద ఉండనివ్వడమే.

ఇటుక విషయంలో మనవాళ్ళు సాధించినది చూడాలంటే ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్ళాలి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి విమానానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేటంత తేలిక. పునాది కింద గుంత తీసి ఇసుక నింపారు. బరువు నేలమీద సమంగా పడడానికి, నేల కదిలినప్పుడు అదురు పైకి పాకకుండా ఉండడానికి ఆ ఇసుక పరుపులా పనిచేస్తుందని ఇంజనీర్లు చెబుతారు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ ఇటుక చేసినవాడు దాన్ని ఏమని పిలిచాడో మాత్రం ఏ శాసనమూ మనకు అందించలేదు.

సున్నం సంగతి

సిమెంటు రాకముందు మన గోడలను పట్టి ఉంచినది సున్నం. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. మన దేశంలో పోర్‌బందరులో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో. మన పల్లెలకు అది చేరడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. అంతవరకు సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి ఉడికించి, ఇసుక కలిపి, రాతి చక్రం తిరిగే గానుగలో ఎద్దులచేత నూరించేవారు. దీన్ని గానుగ సున్నం అనీ, డంగు సున్నం అనీ అంటారు. ముఖ్యమైన కట్టడాలకు అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానవేసిన నీళ్ళు కూడా కలిపేవారు. దగ్గుకు మన అమ్మమ్మలు బుగ్గన పెట్టించిన కరక్కాయే అది.

ఈ పని వెనుక ఉన్న రసాయనం చాలా అందమైనది. సున్నపురాయిని సుమారు 900 సెంటీగ్రేడు డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది భగ్గున వేడెక్కి పిండి అవుతుంది. గోడకు పట్టించిన తరువాత నెలలూ ఏళ్ళూ గాలిలోని అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అంటే పాత గోడలోని సున్నం నెమ్మదిగా తన పుట్టిన ఇంటికి చేరుకుంటుంది. ఈ వాయువును మొదట పట్టుకున్నది జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండు వైద్యుడు. మూత్రాశయంలో రాళ్ళు కరిగించడానికి సున్నపు నీళ్ళు పనికివస్తాయా అని ఎడిన్‌బరోలో పెద్ద వాదం నడుస్తున్న రోజుల్లో, 1754లో ఆయన తన వైద్య పట్టానికి రాసిన సిద్ధాంత వ్యాసంతో ఈ పరిశోధన మొదలైంది. మన ఊరి సున్నపు బట్టీ వాడికి ఆ వాయువు పేరు తెలియదు. రాయి ఎంత కాలితే చాలో, ఎంత కాలితే పాడవుతుందో మాత్రం తెలుసు.

వైద్యుడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇటలీలో బెర్నార్డినో రామాజినీ అనే వైద్యుడు 1700లో వృత్తి వ్యాధుల మీద గ్రంథం ప్రకటించాడు. రోగిని అడగవలసిన పాత ప్రశ్నలకు మరొకటి చేర్చమన్నాడు: "నువ్వేం పని చేస్తావు?" మన దేశంలో వైద్యం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు గుర్తుండే ఉంటుంది: "తాపీ పనండీ." కాని ఆ జవాబు చాలదు. రాయి చెక్కేవాడికి ఊపిరితిత్తులలో రాతి దుమ్ము చేరి సిలికోసిస్ వస్తుంది. పైకి క్షయలాగే కనిపించి మోసం చేస్తుంది. సున్నం ఉడికించేవాడికి కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు. ఆ క్షణంలోనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడగడమే మొదటి వైద్యం. సిమెంటు కలిపేవాడికి అందులోని క్రోమియం వల్ల చేతులు పగిలి, పుండ్లు పడతాయి. తట్ట మోసే ఆడమనిషికి మెడ ఎముకలు అరుగుతాయి. ఈ నలుగురూ చేసేది "తాపీ పని"యే. వాళ్ళ పనికి సరైన మాట డాక్టరుకు తెలియకపోతే, సరైన జబ్బూ తెలియదు. పనివాళ్ళ మాటలు నిఘంటువుకు అలంకారం కోసం కావాలని నేను అనడం లేదు. అవి లేక ప్రాణం మీదికి రావచ్చు.

మేస్త్రీ ప్రయాణం

పోర్చుగీసులో మెస్ట్రె అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు. పదహారో శతాబ్దంలో రేవు పట్టణాలకు వాళ్ళు తెచ్చిన ఈ మాట దేశమంతా పాకింది. ఉత్తరాది వాళ్ళకు మిస్త్రీ, మనకు మేస్త్రీ. అలమార, వరండా కూడా ఆ ఓడలలో వచ్చినవేనంటారు. మొదట తాపీ మేస్త్రీ అంటే చేతిలో పనితనం ఉన్నవాడు. తూకం గుండు వేలాడదీసి గోడ నిలువు చూసేవాడు, రసమట్టం పెట్టి నేల సమం చూసేవాడు, మూలమట్టం పెట్టి మూలలు తిప్పేవాడు.

తరువాత ఈ మాటకు ఇంకొక అర్థం చేరింది. పందొమ్మిదో శతాబ్దంలో బర్మా బ్రిటిషువారి చేతికి వచ్చాక, గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలాదిమంది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. కోరంగి రేవు పేరుమీద వాళ్ళను అక్కడ "కోరంగీలు" అన్నారు. వాళ్ళను తీసుకువెళ్ళినవాడు మేస్త్రీ. ముందుగా కొంత డబ్బు అప్పుగా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, రేవులోనో ధాన్యం మిల్లులోనో పనికి కుదిర్చి, కూలిలోంచి తన బాకీ పట్టుకునేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు చెలరేగిన అల్లర్లలో ఎందరో చనిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు మిగిలినవాళ్ళలో చాలామంది అడవులగుండా నడిచి ఇంటిదారి పట్టారు. మనకు ముందు సముద్రం దాటిన తెలుగువాళ్ళు వాళ్ళు.

ఆ పద్ధతి బర్మాతో ముగియలేదు. మహబూబ్‌నగర్ జిల్లా పాలమూరు కూలీలు దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా కనిపించారు. ఊరిలో కరువు, చేతిలో అప్పు. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి కుటుంబాలకు కుటుంబాలనే తరలించుకుపోయేవాడు. పనితనం చూపించే గురువును తెలిపిన మాట, అప్పు పెట్టి మనుషులను తోలుకుపోయేవాడి పేరు కూడా అయింది. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ 1976లో, రాష్ట్రాంతర వలస కార్మికుల కోసం 1979లో పార్లమెంటు చట్టాలు చేయవలసి వచ్చిందంటే ఆ పద్ధతి ఎంత బలంగా పాతుకున్నదో ఊహించుకోవచ్చు.

నాగార్జునసాగరం కూడా ఇక్కడ చెప్పుకోవలసినదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట కాంక్రీటుది కాదు, రాతి కట్టడం. సుమారు 124 మీటర్ల ఎత్తు. యంత్రాలకు విదేశీ మారకం ఖర్చుచేయడం కంటే మన రాయి, మన మనుషులతో కట్టడం మేలని ఎంచుకున్న పని అది. వేలాదిమంది ఒడ్డెరలు, ఉప్పరులు, పాలమూరువాళ్ళు తలమీద మోసిన రాయి అది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. బోధిసిరి శాసనం దొరికిన నాగార్జునకొండ లోయ ఆ నీళ్ళకిందికే పోయింది. విధికుని పేరు రాతిమీద మిగిలింది. ఈ వేలమంది పేర్లు కూలిపట్టీలలోనైనా మిగిలాయో లేదో!

శంకుస్థాపన అనే మాటకు కూడా ఒక సాంకేతిక చరిత్ర ఉంది. శంకువంటే మేకు. నేల చదును చేసి, మధ్య మేకు పాతి, దాని చుట్టూ వలయం గీసి, పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన చోటా, సాయంత్రం తాకిన చోటా గుర్తులు పెట్టి కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. దిక్సూచి లేని కాలంలో దిక్కు తేల్చే కొలత అది. ఇప్పుడు మంత్రిగారి పేరు చెక్కిన పలకకు తెర లాగడం అయింది.

మాటలు ఏరినవారు

మనకు సాంకేతిక పదాలు లేవన్న అభిప్రాయానికి జవాబు ఎప్పుడో వచ్చింది. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వృత్తి పదాల సేకరణ తలపెట్టింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మనుషులు ఊరూరా తిరిగి పుస్తకాలలోంచి కాక రైతు నోటి నుంచి మాటలు రాసుకున్నారు. 1962లో "మాండలిక వృత్తి పదకోశం" మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు వచ్చాయి. చేనేత పదాలు 1971లో వచ్చాయి. ఇల్లు కట్టే పని మాటలను బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో ప్రత్యేక సంపుటంగా తెచ్చారు. ఏ మాట ఏ జిల్లాలో పలుకుతారో గుర్తించడం వాటిలోని విశేషం. ఇలా పోగుచేసిన వృత్తి పదాల ఆధారంగానే కృష్ణమూర్తిగారు తెలుగునేలను తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూపారు. పండితులు ఒక గదిలో కూర్చుని కల్పించిన మాటలు కావు అవి. రైతు, సాలె, తాపీ మేస్త్రీ చెప్పగా రాసుకున్నవి. 1983లో ఆ అకాడమీనే రద్దు చేశారు.

ఈ తేడాలు పనిలో ఎంత ముఖ్యమో కొలతలు చెబుతాయి. హైదరాబాదులో స్థలం గజాలలో అమ్ముతారు. కోస్తాలో సెంట్లలో అమ్ముతారు. సెంటుకు 48.4 చదరపు గజాలు. నెల్లూరులో అంకణాలలో అమ్ముతారు. అక్కడ అంకణం 72 చదరపుటడుగులు. అదే అంకణం తిరుపతిలో 36. అసలు అంకణమంటే రెండు దూలాల మధ్య ఎడం. "మూడంకణాల ఇల్లు" అంటే ఇల్లు ఎంతదో కళ్ళకు కట్టేది. కప్పు మీది కర్రల ఎడాన్ని బట్టి నేలను కొలిచారన్నమాట. ఇవాళ అక్కడ స్థలం కొంటున్న మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

గుమ్మం దగ్గరా అంతే. కోస్తాలో గడప, తెలంగాణలో కడప. ఒకచోట ద్వారబంధం, ఇంకొకచోట దర్వాజ. గోడకట్టుకు వేసే కర్రల సారువ ఒకరికి, పరంజా మరొకరికి. 1865లో మంగళూరులో బాసెల్ మిషనువారు యంత్రంతో చేయడం మొదలుపెట్టిన పెంకు మనకు వచ్చేసరికి కొన్ని చోట్ల "బెంగుళూరు పెంకు" అయింది. దాని ముందు కుమ్మరి సారె మీద చేసిన గూనపెంకు వెనకబడింది.

ఇక్కడి ఇల్లు

ఇప్పుడు మన డబ్లిన్‌కు వద్దాం. ఇక్కడి పాత ఊళ్ళో రోడ్ల పక్కన సున్నం గాని, సిమెంటు గాని లేకుండా పలకరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన గోడలు మీరందరూ చూసే ఉంటారు. ఈ చుట్టుపక్కల నేలలో దొరికే సున్నపురాయే అది. కొలంబస్‌లోని శాసనసభ భవనం కూడా సయోటో నది ఒడ్డున తవ్విన ఆ జాతి రాయితోనే 1839 నుంచి 1861 దాకా కట్టారు. మొదట్లో ఆ రాయి తీసినవాళ్ళలో, పేర్చినవాళ్ళలో జైలు ఖైదీలున్నారు. ఇక్కడా కట్టినవాడి పేరు వెతుక్కోవలసిందే.

మనం కాపురముండే ఇళ్ళు మాత్రం కర్రవి. బేస్‌మెంటులో నిలబడి పైకి చూస్తే నేలను మోసే కర్రలు వరుసగా కనిపిస్తాయి. అవి దంతెలు. వాటిని మోసే లావుపాటి అడ్డకర్ర దూలం. అటకెక్కి చూస్తే ఏటవాలుగా దిగేవి వాసాలు. అవి పైన కలిసే చోటు నడికొప్పు. అక్కడ పొడుగునా నడిచే కర్ర వెన్నుగాడి, అంటే ఇంటికి వెన్నెముక. దాని కింద నిలువుగా నిలిచేది నిట్టాడు. గోడ దాటి బయటికి వచ్చిన భాగం చూరు. తలుపును పట్టి ఉంచేది మడతబందు. మన పూరింటికి, పెంకుటింటికి, మండువా లోగిలికి వాడిన మాటలలో ఒక్కటైనా ఇక్కడ వృథా కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో మన అన్నదమ్ములు ఉంటున్న అపార్టుమెంటులో మాత్రం వాసం లేదు, చూరు లేదు, దంతె లేదు, నిట్టాడు అసలే లేదు. ఉన్నవి స్లాబు, బీము, పిల్లరు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అనే సామెత అక్కడి పిల్లలకు మాటగానే తెలుసు. మన పిల్లలు అటక మీదికి పోయి నిజంగా లెక్కపెట్టవచ్చు!

బేస్‌మెంటు అంటే గుర్తుకు వచ్చింది. మన ఊళ్ళో "బేస్‌మెంటు లేపాం" అంటే నేలమట్టం కంటే ఎత్తుగా అరుగు కట్టామని. ఇక్కడ బేస్‌మెంటు నేలకింద గది. ఒకటే ఇంగ్లీషు మాట, రెండు దేశాల్లో రెండు వైపులకు పోయింది. మనం వాళ్ళకు ఇచ్చినవీ ఉన్నాయి. బంగళా బెంగాలు ఇంటి పేరు, ఇవాళ అమెరికాలో ప్రతి ఊళ్ళోనూ ఉంది. గోడౌన్ అనే మాట మలయా భాష మీదుగా పోర్చుగీసువారికి, వారి నుంచి ఇంగ్లీషుకు వెళ్ళింది. దాని మూలం మన గిడ్డంగి గాని, తమిళుల కిడంగు గాని అయి ఉండవచ్చునని నిఘంటువులు చెబుతాయి.

ఇవాళ హైదరాబాదులో లేచే మేడల మీద పనిచేసేవారిలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు ఎందరో. పని చోట వినిపించేది హిందీ. తెలుగు తాపీ మేస్త్రీల పిల్లలు కొందరు గల్ఫులో కడుతున్నారు, కొందరు చదువుకొని మనలాగే బయటికి వచ్చారు. గోడలో కొత్త వరుస పడుతున్నది. అది తప్పు కాదు, ఎప్పుడూ జరిగిందే. అయితే కింది వరుసలో ఏముందో తెలిసినవాళ్ళు మిగిలి ఉండగానే రాసి పెట్టుకోవాలి. మనకు సాంకేతిక పదాలు లేకపోలేదు. అవి ఎవరి నోట ఉన్నాయో వాళ్ళతో మనం కూర్చుని మాట్లాడలేదు. అంతే తేడా.

అందుచేత పాఠకులకు ఒక మనవి. ఈసారి మీ అమ్మానాన్నలు వేసవికి వచ్చినప్పుడు, లేదా మీరు ఊరికి ఫోను చేసినప్పుడు, మీ పాత ఇంటి గురించి అడగండి. కప్పు దేనితో వేశారు? దూలం ఏ కర్ర? సున్నం ఎక్కడి నుంచి తెచ్చారు? ఇంటికి ఎన్ని అంకణాలు? వాసాల మీద అడ్డంగా వేసిన బద్దలను ఏమనేవారు? అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ పేరేమిటి? మాట పక్కన జిల్లా పేరు, తాలూకా పేరు కూడా రాసి మన పత్రికకు పంపండి. వచ్చినవన్నీ అకారాది క్రమంలో పేర్చి రాబోయే సంచికలలో అచ్చు వేసుకుందాం.